పన్ను లోపలి రోజులు

పన్ను కోసేటప్పుడు నీళ్ళ ధార ఆగకూడదు. ఆగితే రంపపు బిళ్ళ వేడికి లోపలి పొరలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. కలిసిపోయిన రోజులు ఇక ఎవరికీ దొరకవు. ఈ సంగతి సుభాషిణికి తెలిసినంతగా విశాఖలోని ఆ చేపల పరిశోధన కేంద్రంలో ఇంకెవరికీ తెలియదు. అయినా ఆ పొద్దున ఆమె చెయ్యి మూడుసార్లు ఆగిపోయింది. పదేళ్ళుగా ఆమె కోస్తున్నవి చేపల తలల్లో దొరికే చెవిరాళ్ళు. ఇది మనిషి పన్ను. చిటికెన వేలి గోరంత కూడా లేని పాలపన్ను.

బల్లకు అవతల, స్టూలు అంచున గురువులు అనే అతను కూర్చుని ఉన్నాడు. శ్రీకాకుళం తీరంలో మరపడవ నడిపే మనిషి. సముద్రం అవతలి సెలూరా దీవుల దేశంలో జైలు నుంచి విడుదలై వచ్చి వారం అయింది.

"నెమ్మదిగా కొయ్యండి, మేడమ్‌గోరూ. పదకొండు దినాలు నా దవడలో మోసుకొచ్చినాను దాన్ని."

"దవడలోనా?"

"మరేటి సేస్తాను? గుడ్డలిప్పి సూసీవోరు, సెవుల్లో సూసీవోరు. నాకెలాగా ఈ పక్క మూడు పల్లు లేవు కదండి. మూడు సందులు, మూడు పల్లు. మింగీకుండా నిద్దరపోడమే కష్టం." గురువులు నవ్వబోయాడు. కోసిన పలక గాజు మీద పడటం చూసి నవ్వు మానేశాడు.

ఏడాదిన్నర కిందటి మాట. అండమాన్‌లో చేపల పనికి వెళ్ళిన కుటుంబాలు ఓడలో చోటు దొరక్క గురువులు మరపడవలో ఇంటికి బయలుదేరాయి. పెద్దలు పంతొమ్మిది మంది, పిల్లలు పదకొండు మంది. దారిలో తుఫాను పట్టుకుని మూడు రోజులు ఎటు తోస్తే అటు తోసింది. తెల్లారి చూస్తే సెలూరా నౌకాదళం పడవ చుట్టూ ఉంది. రేవులో పెద్దల్ని ఒక లారీ ఎక్కించారు, పిల్లల్ని ఇంకో లారీ. ఆ రెండో లారీ ఎటు వెళ్ళిందో తల్లులకు తెలియదు. పద్నాలుగు నెలల తరవాత ఖైదీల మార్పిడిలో పెద్దలు తిరిగొచ్చారు; పడవ నడిపినవాడని గురువుల్ని మాత్రం ఇంకో నాలుగు నెలలు ఉంచుకుని వారం కిందట వదిలారు. పిల్లల గురించి మన ప్రభుత్వం రాసిన ప్రతి ఉత్తరానికీ సెలూరా ఒకే జవాబు ఇచ్చింది. ఆ పడవలో పిల్లలే లేరు.

"గాలివానకి కప్పు సగం ఎగిరిపోనాదని, రేకులెయ్యడానికి నన్నొక దీవికి తీసుకుపోనారు," అన్నాడు గురువులు. "పడవ అడుగున కూకోబెట్టినారు, ఏ దీవో తెలీదు. పొడుగుపాటి ఇల్లు. మనుసులెవులూ లేరు, ముందే కాళీ సేయించీసినట్టున్నారు. మిగిలిన కప్పు సందుల్లో ఎండిపోయిన మట్టి ముద్దలు పదో పన్నెండో ఉన్నాయి. ఒకటి ఇరిసి సూసినాను. లోపల పన్ను. ఇంకో రెండు ఇరిసినాను, వాటిలోనూ పల్లే. పేడ దొరక్క బురద సుట్టినారు గానీ, ఊడిన పన్ను ముద్దలో పెట్టి కప్పు మీదకి ఇసిరింది మన గుంటలే, మన పిల్లలే కదా. ఇంకెవులు?"

సుభాషిణి కూడా చిన్నప్పుడు అలాగే విసిరింది. కొత్త పన్ను తిన్నగా రావాలని.

పలకను యంత్రం కింద పెట్టింది. సన్నటి కాంతి సూది పొర పొరనూ తాకి కాలుస్తుంటే, లేచిన ఆవిరిలో ఏమేమి ఉందో తెర మీద గీతలుగా పడసాగింది. చేప చెవిరాయిలో రోజుకో పొర పెరుగుతుందని అందరికీ తెలిసిందే. పన్ను లోపలి గోడ కూడా, ఊడిపోయే వరకూ, రోజుకో పొర వేసుకుంటుందని కనిపెట్టింది ఆమె. ఆ రోజు తాగిన నీరు, తిన్న తిండి, వచ్చిన జ్వరం, మానేసిన పూట, అన్నీ ఆ పొరలో అణిగి ఉంటాయి.

తుఫాను రోజులు దొరికాయి. మూడు పొరలు సన్నగా, ఉప్పగా. ఆ తరవాత నీరు మారింది. రేకుల తుప్పు, వెనకే గంధకం. తరవాతి పొరలోనూ గంధకమే. సెలూరా దీవుల్లో గంధకపు ఊట ఉన్నది ఒక్క దీవిలోనే. ఆమె లెక్కపెడుతూ పోయింది. నాలుగు వందల పన్నెండు పొరలు.

"ఏటండీ?" అన్నాడు గురువులు.

"నాలుగు నెలల కిందటి దాకా బతికి ఉంది ఈ బిడ్డ," అంది సుభాషిణి. "ఎక్కడుందో కూడా తెలిసింది."

మూడు పళ్ళలో ఆ ఒక్కటి ఎవరిదో తల్లుల రక్తంతో పోల్చి చూసిన పరీక్షల్లో తేలింది; మిగతా రెండిటిలోనూ గంధకపు నీరే కనిపించింది, ఎవరివో మాత్రం తేలలేదు. తవిటమ్మది. అప్పయమ్మ కూతురు. అంతకు ముందు పుట్టిన ఇద్దరూ దక్కకపోతే, ఈ పిల్లను చేటెడు తవుడికి అమ్మినట్టు చేసి ఆ పేరు పెట్టుకున్నారు. పడవ ఎక్కేనాటికి ఆరేళ్ళు.

సుభాషిణి కాగితం చుట్ట తీసుకుని ఊరికి వెళ్ళింది. అప్పయమ్మ పాక ముందు ఎండుచేపలు ఏరుతోంది. మూడు వందలు, నాలుగు వందలు అని అంకెలు వేసిన గీతలపటాన్ని ఇసుకలో పరిస్తే గుమ్మం నుంచి వీధి దాకా వచ్చింది.

"ఇందల ఏటేటి తెలుస్తాది, మేడమ్‌గోరూ?"

"రోజు రోజుకీ తెలుస్తుంది. తిన్నదీ లేనిదీ, ఒంట్లో ఎలా ఉన్నదీ."

"అయితే సదవండి."

"అంతా చదవాలంటే పొద్దుపోతుంది అప్పయమ్మా. నాలుగు వందల రోజులు."

"నాను ఆ జైల్లో నాలుగు వందల దినాలు కూకున్నాను కదా. ఇక్కడ కూకోలేనేటి?"

సుభాషిణి మొదటి గీత మీద వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. ఈ రోజు కడుపు నిండా తింది. ఈ రోజు సగం. ఈ రోజు పాలు తాగింది. అప్పయమ్మ ప్రతి దానికీ "ఊఁ" అంటోంది, కథ వింటున్నట్టు. రెండు వందల ముప్పై దగ్గర తొమ్మిది గీతలు వెంట్రుకల్లా సన్నగా ఉన్నాయి. సుభాషిణి వేలు వాటిని దాటి ముందుకు వెళ్ళింది.

"అక్కడ ఏలు తొందరగా జరిపీసినారేటి?"

"... జ్వరం. తొమ్మిది రోజులు. తరవాత తగ్గింది."

"ఏ నెల?"

"నాగులచవితి అయిన వారానికి."

అప్పయమ్మ చేతిలోని చేపను చాలాసేపు చూసింది. "ఆ దినాల్లోనే మాకు కొత్త జైలరొచ్చి సేపల కూర పెట్టించినాడు. మారు ఏయించుకుని తిన్నాను," అంది. చేపను బుట్టలో పడేసింది. "సదవండి. ఆపీకండి."

ఆ రోజు ఇంటికి వెళ్ళేటప్పుడు సుభాషిణికి ఒక భయం పట్టుకుంది. తను కనిపెట్టినది మంచిదో కాదో తేల్చుకోలేకపోయింది. అయితే ఆ భయం ఎంతో కాలం నిలవలేదు. పన్ను మాట ఢిల్లీ చేరింది. చర్చల బృందాన్ని నడిపే అధికారి శ్రీవత్స స్వయంగా విశాఖ వచ్చాడు. నలభై దాటిన మనిషి, కృష్ణా జిల్లా వాడు, నిద్ర చాలని కళ్ళు.

"ఏడాదిన్నరగా నేను వాళ్ళ ముందు ఖాళీ చేతులతో కూర్చుంటున్నానండీ," అన్నాడు. "తల్లుల మాట సాక్ష్యం కాదంటారు. గురువులు మాట ఖైదీ మాటంటారు. ఇది మాత్రం కాదనలేరు. మీరు నాతో రావాలి."

"నాకు మాట్లాడటం రాదండీ."

"మీరు మాట్లాడక్కర్లేదు. అడిగితే చెప్పండి చాలు."

ఇరు దేశాలకూ చెందని ఒక నగరంలో, కిటికీలు తెరవని హోటలు గదిలో, పొడుగు బల్లకు అటూ ఇటూ కూర్చున్నారు. సెలూరా వాళ్ళ వైపు నలుగురు అధికారులు, ఒక తెల్లజుట్టు డాక్టరు. శ్రీవత్స పటం పరిచి గంధకపు గీత చూపించినప్పుడు అధికారుల ముఖాలు కదలలేదు. డాక్టరు ఒక్కడే లేచి వచ్చి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, పటం మీదికి వంగాడు.

"చాలా గొప్ప పని," అన్నాడు సుభాషిణితో. "ఒక విద్యార్థిలాగా అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. ముందు పళ్ళలో ఎక్కువ రోజులు ఉంటాయా, దవడ పళ్ళలోనా?"

"దవడ పళ్ళలో."

"పాలపన్ను పోయి కొత్తది వస్తే, పాత రోజులు పోయినట్టేనా?"

"లేదండీ. కొత్త పన్ను చిగురు కింద ఉన్నప్పుడే రాసుకోవడం మొదలుపెడుతుంది."

"ఎన్ని నెలల ముందు నుంచి?"

బడిలో మాస్టారు అడిగిన ప్రశ్నకు సగం జవాబు చెప్పి కూర్చోవడం సుభాషిణికి ఏనాడూ అలవాటు లేదు. తెలిసినదంతా చెప్పింది. కాగితం మీద దవడ బొమ్మ గీసి, ఏ పన్నులో ఏ వయసు నుంచి ఏ వయసు దాకా రోజులు దొరుకుతాయో అంకెలు వేసి చూపించింది. శ్రీవత్స ఒకసారి దగ్గాడు. ఆమె అది జలుబనుకుంది.

"ఈ బొమ్మ నేను ఉంచుకోవచ్చా?" అన్నాడు డాక్టరు. "మీ సంతకంతో."

ఆమె సంతకం పెట్టి ఇచ్చింది.

నెల తిరక్కుండానే సెలూరా మాట మార్చింది. తుఫానులో కొట్టుకొచ్చిన కొందరు పిల్లల్ని మానవతా దృష్టితో కాపాడామనీ, వైద్య పరీక్షలు పూర్తయిన వారిని విడతలుగా పంపుతామనీ ప్రకటించింది. మొదటి విడత నలుగురు. మిగిలిన వారు మూడు వారాల తరవాత. కాపాడిన వారు మొత్తం ఎందరో ప్రకటనలో లేదు. పత్రికల్లో సుభాషిణి ఫొటో పడింది. ఊళ్ళో గురువులు ఆ కాగితం చించి పడవ కేబిన్‌లో అంటించుకున్నాడు.

నలుగురూ విశాఖ రేవులో ఓడ దిగారు. కొత్త బట్టలు, దువ్విన తలలు, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో బొమ్మ. తవిటమ్మ అందరికన్నా పొడుగు. అప్పయమ్మ పరుగెత్తి వాటేసుకుని, ఏడ్చి, ముక్కు చీది, "ఒలే తవిటీ, మాటాడవేటే? నన్ను మరిసిపోనావేటే?" అని గడ్డం పట్టుకుని ఊపింది. పిల్ల తల అడ్డంగా ఊపింది. నలుగురూ పెదాలు బిగించుకునే ఉన్నారు.

రేవు ఆఫీసు వరండాలో ఆకులు వేశారు. అప్పయమ్మ ఇంటి నుంచి వేయించిన చేప ముక్కలు తెచ్చింది. తవిటమ్మ ముక్క చేతిలోకి తీసుకుని, వాసన చూసి, మళ్ళీ ఆకులో పెట్టింది.

"తినే. నీకిష్టమని కదా."

పిల్ల నోరు తెరిచింది. ఎర్రటి చిగుళ్ళు, మధ్య మధ్య నల్లటి కుట్లు. ఒక్క పన్ను లేదు.

అప్పయమ్మ అరవలేదు. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది, పళ్ళు పోయింది తనకే అన్నట్టు.

సుభాషిణి పిల్లలతో వచ్చిన కాగితాలు తిరగేసింది. ప్రతి బిడ్డ పేరు కిందా ఒకే వాక్యం ఉంది. పుచ్చిన దంతాలకు తగిన చికిత్స జరిగింది.

కాసేపటికి తవిటమ్మే ఆమె దగ్గరికి వచ్చింది. పళ్ళు లేని నోట మాటలు జారిపోతున్నాయి. ఒక్కో మాట రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"పల్లు సదివే మేడమ్‌గోరు మీరేనా?"

"... నేనే అమ్మా."

"మా పల్లన్నీ మీకు పంపినామన్నాడు తెల్లజుట్టు డాక్టరు. మీరు బొమ్మేసి అడిగినారంట కదా, సూపించినాడు. పల్లు అందితేనే మేడమ్‌గోరు మిమ్మల్ని ఇంటికి పిలుస్తాదన్నాడు. అందినయా?"

సుభాషిణి వంగి పిల్ల చెయ్యి పట్టుకుంది.

"సిన్నోలు నోరు తెరవం, తెరవం అని ఏడిసినారు. నానే సెప్పినాను, తెరవండర్రా, అమ్మకాడికి ఎల్లిపోదాం అని. మొదట నానే తెరిసినాను."

"అందాయి," అంది సుభాషిణి. పదేళ్ళ పనిలో ఆమె చెప్పిన మొదటి తప్పుడు ఫలితం అది.

శ్రీవత్స ఆ మధ్యాహ్నమే నిరసన పత్రం పంపాడు. సాయంత్రానికి జవాబు వచ్చింది. మా దంతవైద్యుల సేవను అనుమానించడం మాకు బాధ కలిగించింది, మిగిలిన వారికి కూడా చికిత్స పూర్తి చేసే పంపుతాం.

"ఆ చోట ఏం జరిగిందో ఎవరూ చదవకూడదు, అంతే," అన్నాడు శ్రీవత్స. రేవు ఆఫీసులో ఇద్దరే ఉన్నారు. "ఆ రోజు మిమ్మల్ని ఆపాల్సింది. దగ్గాను. దగ్గితే సరిపోతుందనుకున్నాను."

"నా పద్ధతి తప్పని రాసిస్తాను," అంది సుభాషిణి. "లెక్క తప్పింది, పన్నులో రోజులు ఉండవు అని రాస్తాను. అప్పుడు పీకాల్సిన పని ఉండదు కదా."

"రాయండి. మర్నాడు వాళ్ళు ఏమంటారో తెలుసా? మీ శాస్త్రవేత్తే తప్పని ఒప్పుకుంది, మా దగ్గర ఉన్నది నలుగురే, వాళ్ళని ఇచ్చేశాం అంటారు. మిగతా ఏడుగురూ అక్కడున్నారనడానికి నా చేతిలో ఉన్నది మీ పటాలు ఒక్కటే."

"పోనీ, పళ్ళు పీకినా లాభం లేదు, ఎముకలోనూ చదవగలను అని చెబితే?"

శ్రీవత్స ఆమె వంక చూశాడు. ఆ మాట అన్నాక ఆమెకే అర్థమైంది. పళ్ళు పీకి లాభం లేదని తెలిస్తే, వాళ్ళు పిల్లల్నే పంపరు.

"ఇది నేను తేల్చేది కాదు," అంది.

తుఫాను షెల్టరులో ఆ ఏడుగురి తల్లిదండ్రుల్నీ కూర్చోబెట్టి, జరిగింది మొత్తం చెప్పింది. బొమ్మ గీసిందీ, సంతకం పెట్టిందీ కూడా. రాస్తే ఏమవుతుందో, రాయకపోతే ఏమవుతుందో దాచకుండా చెప్పింది. 

రాజులు అనే తండ్రి ముందు లేచాడు. "అంత సదువు సదివినారు, ఆడెవడో అడిగితే అంతా సెప్పీడమేనా? మా ఊల్లో వల ఎక్కడేసినామో పక్క పడవోడికి సెప్పం మేం."

"కూకోరా," అన్నాడు గురువులు.

"ఏటి కూకునేది? నా గుంటకి ఎనిమిదేల్లు. ఇంక బతుకంతా అంబలే తాగాలా? రాసీమనండి తప్పని."

"రాసీస్తే?" కోటమ్మ అడిగింది. చంకలో జైల్లో పుట్టిన చంటిపిల్ల. అక్కడ ఉన్నది ఆమె కొడుకు సింహాచలం, అందరిలోకీ చిన్నవాడు. "ఆ నలుగురే మా కాడున్నారనీస్తే? పల్లున్న గుంటడు అక్కడ, నాను ఇక్కడ. అంబలి తాగీవోడైనా నా ఇంట్లో తాగుతాడు."

"మందిచ్చి పీకినారో లేదో కూడా తెలీదు కదే," అంది ఇంకొకామె.

అప్పుడు వెనక వరస నుంచి అప్పయమ్మ లేచింది. ఆమె రావాల్సిన పని లేదు, ఆమె పిల్ల వచ్చేసింది. అయినా వచ్చింది.

"మందిచ్చినారు," అంది. "తవిటి సెప్పినాది. నొప్పెట్టలేదన్నాది."

అది నిజమో కాదో సుభాషిణికి తెలియదు. తవిటమ్మ తనతో ఆ మాట అనలేదు. అయినా గదిలో అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. రాజులు మెల్లగా కూర్చున్నాడు. మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని, "రానీండి," అన్నాడు. "రాసీకండి. గుంటల్ని రానీండి."

సుభాషిణి రాయలేదు.

ఆ మూడు వారాలూ ఆమె ప్రయోగశాలకు వెళ్ళింది. యంత్రం ముందు కూర్చునేది, మూత తీసేది కాదు. గంధకపు ఊట ఉన్న దీవిలో ఈ రోజుకు ఏడు నోళ్ళలో ఏడు పొరలు పడి ఉంటాయి, రేపటికి ఇంకో ఏడు. లేదా ఇవాళే ఆగిపోయి ఉంటాయి. ఎవరి వంతు ఏ రోజో తెలుసుకునే దారి లేదు. మధ్యలో రెండుసార్లు ఊరికి వెళ్ళి వచ్చింది. చోడిపిండి, అదే రాగిపిండి, ఉండ కట్టకుండా అంబలి ఎలా కాయాలో అప్పయమ్మ దగ్గర నేర్చుకుంది. తవిటమ్మ గిన్నె ఎత్తి తాగుతూ కన్నార్పకుండా ఆమెనే చూసేది. ఇంకేమీ అడగలేదు.

రెండో ఓడ చెప్పిన రోజుకే వచ్చింది. ఏడుగురూ ఉన్నారు. శ్రీవత్స పేర్ల కాగితం మీద ఒక్కో పేరుకూ గుర్తు పెట్టుకుంటూ, ఏడోది పెట్టాక కలం జేబులో పెట్టుకోవడం మరిచిపోయాడు. పిల్లల్ని ముందు డాక్టర్ల గుడారంలోకి తీసుకెళ్ళాలన్నారు. లోపలికి రావాలంటే తెల్లకోటు ఉండాలని నర్సు సుభాషిణికి ఒకటి తొడిగింది. చేతుల పొడుగు ఎక్కువైన కోటు. ఆమె అంబలి గిన్నె పట్టుకుని ఒక మంచం దగ్గర నిలబడింది.

మొదట లోపలికి వచ్చినవాడు సింహాచలం. బయట కోటమ్మ పేరు పెట్టి పిలుస్తోంది, వాడు వెనక్కి తిరిగి చూస్తూనే నడుస్తున్నాడు. మంచం దగ్గర ఆగి, తల ఎత్తి, ముందు తెల్లకోటు చూశాడు. చేతిలోని బొమ్మను మంచం మీద జాగ్రత్తగా పెట్టాడు. తనే ఎక్కి కూర్చున్నాడు.

ఎవరూ ఏమీ అడగకుండానే, తల వెనక్కి వాల్చి, కళ్ళు గట్టిగా మూసుకుని, నోరు తెరిచాడు.